మా దీవి క్లబ్బులో ఎవరినీ తీసెయ్యరు

జూన్ 3, సోమవారం

క్లబ్బు చరిత్ర రాసే పని నాకు అప్పగించారు. మా ఫుట్‌బాల్ క్లబ్బు పెట్టి ఈ నెలకి యాభై ఏళ్ళు. నెలాఖరు ఆదివారం అవతలి ఒడ్డు జట్టుతో పెద్ద మ్యాచ్ పెట్టారు. దానితోపాటు ఒక పుస్తకం కూడా ఉంటే బాగుంటుందని కోచ్‌కి తోచిందట. కోచ్ అంటే మా సెలూన్ ఆయనే. నిన్న నా గడ్డం గీస్తూ అడిగాడు. గొంతు మీద కత్తి ఉండగా కాదనేవాడు ఎవడు?

"ఈ దీవిలో నాలుగు ముక్కలు రాయగలిగినవాడివి నువ్వొక్కడివే," అన్నాడు.

నిజాన్ని కాదని నేనెందుకు అనాలి?

"చరిత్రంటే ఆషామాషీ కాదు. ఈ నెలంతా దాని మీదే ఉండు. ప్రాక్టీసు సంగతి మర్చిపో," అని కూడా అన్నాడు. ఇరవై ఏళ్ళ పైచిలుకు గోల్ కాస్తున్నవాడికి మళ్ళీ ప్రాక్టీసు దేనికి? ఆ మాత్రం గ్రహించాడంటే కోచ్‌కి బుర్ర ఉన్నట్టే. ఇన్నాళ్ళూ అనుమానంగా ఉండేది.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ సంబరపడింది. నేను నోరు తెరవకముందే సంబరపడిందేమో అని కూడా అనిపించింది. రేవులో టికెట్లు కొట్టే మనిషి, పైగా క్లబ్బు సెక్రటరీ. ఆవిడకి తెలియకుండా ఈ దీవిలో కాకి వాలదు.

షాపులో పని రెండు ప్యాంట్లు, ఒక స్కూలు గౌను. సూదులు తయారుచేసేవాళ్ళు ఈమధ్య బెజ్జాలు మరీ చిన్నవి పెడుతున్నారు.

జూన్ 4

చరిత్ర మొదలుపెట్టాను. పైన పేరు రాసి కింద గీత గీశాను. గీత చాలా బాగా వచ్చింది.

జూన్ 6, గురువారం

పడవ తాత దగ్గరికి వెళ్ళాను. క్లబ్బు పెట్టినవాళ్ళలో మిగిలింది ఆయన, జెండా మాస్టారు, ఇద్దరే.

మా గ్రౌండుకి ఒక పక్క సముద్రం గోడ. గట్టిగా తంతే బంతి గోడ దాటి నీళ్ళలో పడుతుంది. అందుకని ప్రతి మ్యాచ్‌కీ గోడ అవతల ఒక పడవ, అందులో ఒక మనిషి, ఆయన చేతిలో ఒక గరిట లాంటి వల. ఆ మనిషే పడవ తాత. ఆయనకి బంతి తప్ప ఆట కనిపించదు. అరుపుల్ని బట్టి స్కోరు ఊహించుకుంటాడు.

క్లబ్బు పుట్టిన కథ ఆయన మాటల్లో ఇదీ: గోడ కట్టడానికి అవతలి ఒడ్డు నుంచి మేస్త్రీలొచ్చారు. తుఫాను పట్టి లాంచీలు ఆగిపోయాయి. వాళ్ళకి ఇంటికి పోయే దారి లేదు, మన కుర్రాళ్ళకి చేసే పని లేదు. వాళ్ళ దగ్గరొక బంతి ఉంది. ఆట మొదలైంది. మొదటి తన్నుకే బంతి సముద్రంలో పడింది.

"ఆ తన్ను ఎవరిది?" అన్నాను.

"ఇంకెవరిది? నాదే!" అని తాత తొడ కొట్టాడు.

ఇంకో బంతి రావడానికి లాంచీ నడవాలి. అంతవరకూ బంతి లేకుండానే ప్రాక్టీసు చేశారట. మా జట్టు అంత బాగా ఆడిన రోజులు మళ్ళీ రాలేదని తాత అభిప్రాయం.

"మరి సెంటర్ ఫార్వర్డుగా ఉన్నవాడివి పడవలోకి ఎలా వచ్చావు తాతా?"

"వచ్చానా? బతిమాలి పంపారు! బంతులన్నీ పోతున్నాయి, అలల సంగతి తెలిసినవాడివి నువ్వొక్కడివే, నువ్వు కాదంటే క్లబ్బు మూసెయ్యాలన్నారు. ఆట ఎవడైనా ఆడతాడు. ఇది ఎవడు చేస్తాడు చెప్పు?"

నిజమే తాతా అన్నాను. ఇంటికొచ్చే దారంతా నవ్వుకున్నాను. పాపం, ఆయనకి మోకాలు వంగడం మానేశాక సాగనంపారని ఊరందరికీ తెలుసు. ఆయనకి తప్ప.

జూన్ 9, ఆదివారం

చరిత్ర రాస్తూ షాపు కిటికీలోంచి ప్రాక్టీసు చూశాను. గోల్‌లో మా బావమరిదిని నిలబెట్టారు. ఎవరో ఒకరు ఉండాలి కదా, చేలో దిష్టిబొమ్మ ఉన్నట్టు. పొడుగు మనిషి, బేకరీలో పై అరలు అందుకోవడానికి పనికొస్తాడు. బంతి పట్టాలంటే తెలివితేటలు కావాలి.

నాలుగైదు పట్టాడు. తన్నినవాళ్ళు మెల్లగా తన్ని ఉంటారు.

కిందటి నెల మ్యాచ్‌లో నాకు ఆరు గోల్స్ పడ్డాయని ఇంకా కొందరు గొణుగుతున్నారట. ఆ రోజు ఎండ సరిగ్గా నా కళ్ళల్లో కొట్టింది. "సగం ఆటయ్యాక అటు పక్కకి మారాం కదా బావా," అని మా బావమరిది అప్పుడే సందేహం వెలిబుచ్చాడు. పొద్దస్తమానం పొయ్యి ముందు నిలబడేవాడికి ఎండ గురించి ఏం తెలుసు?

జూన్ 11, మంగళవారం

ఇవాళ జెండా మాస్టారు. స్కూల్లో పని మానేశాడు గానీ ప్రశ్నకి చెయ్యెత్తితే తప్ప జవాబు చెప్పడు. చెయ్యెత్తాను.

మొదటి తన్ను పడవ తాతది కాదట. తనదేనట. "వాడు ఆ రోజు జలుబు చేసి ఇంట్లో పడుకున్నాడు," అన్నాడు. తన తన్నుకే బంతి సముద్రంలో పడిందని ఇద్దరు పెద్దమనుషులు యాభై ఏళ్ళుగా పోట్లాడుకుంటున్నారు. గోల్ కొట్టామని పోట్లాడుకుంటే అర్థముంది.

ఆయన లెఫ్ట్ బ్యాకుగా ఆడేవాడు. జెండా ఎలా పట్టారని అడిగాను.

"పట్టించారయ్యా. గీత దాటిందో లేదో చెప్పడానికి న్యాయబుద్ధి కావాలిగా. ఈ జట్టులో అది నీకొక్కడికే ఉందని కోచ్ స్వయంగా మా ఇంటికొచ్చి చెప్పాడు. అప్పటి కోచ్. ఆ కోచ్‌కి తర్వాత గడ్డి బాధ్యత ఇచ్చారనుకో."

"గడ్డి బాధ్యతా?"

"గ్రౌండులో గడ్డి చూసుకోవాలి. చాలా ముఖ్యమైన పని."

నేను దగ్గు తెచ్చుకుని నవ్వు దాచాను.

జూన్ 14, శుక్రవారం

కొత్త జెర్సీలు నేనే కుడుతున్నాను. మా ఆవిడ వంటగదిలోంచి అందరి కొలతలూ చెబుతుంటే రాసుకున్నాను. గోల్‌కీపర్ జెర్సీకి వచ్చేసరికి చేతి పొడవు ఏకంగా నాలుగంగుళాలు ఎక్కువ చెప్పింది, ఛాతీ కూడా.

"నాది అంత లేదే," అన్నాను.

గరిట చప్పుడు ఆగింది. "లూజుగా ఉంటే బాగుంటుందండీ. ఇప్పుడందరూ అలాగే వేసుకుంటున్నారు," అంది.

పెళ్ళయిన ఇన్నేళ్ళకి నా ఫ్యాషన్ మీద ఆవిడకి శ్రద్ధ కలిగింది. మనసు పొంగిపోయింది. ఆవిడ చెప్పినట్టే కత్తిరించాను.

జూన్ 16, ఆదివారం

ఇవాళ ఒక అధ్యాయం పూర్తయింది. అందులో ముఖ్యమైన ముక్క ఇక్కడ ఎత్తి రాస్తున్నాను, చాలా బాగా వచ్చింది కాబట్టి:

"మా క్లబ్బు యాభై ఏళ్ళ చరిత్రలో ఆటగాణ్ణి తీసెయ్యడమనే మాటే లేదు. కాళ్ళు ఆడనివాడికి పడవ ఇచ్చారు. ఊపిరి ఆడనివాడికి జెండా ఇచ్చారు. నోరు తప్ప ఏదీ ఆడనివాడికి మైకు ఇచ్చారు. ప్రతివాడూ తనని బతిమాలారనే అనుకున్నాడు. ఇంత మర్యాదగా మనుషుల్ని సాగనంపే సంస్థ ఇంకెక్కడైనా ఉంటుందా?"

పుస్తకంలో ఈ ముక్క వేస్తే తాతా మాస్టారూ గొడవకొస్తారు. కొట్టెయ్యాలి. కానీ వాళ్ళ అమాయకత్వం తలుచుకుంటే నవ్వాగడం లేదు. ఇంత కాలం ఒక్కడికీ అనుమానం రాకపోవడమేమిటి!

ప్రాక్టీసులో మా బావమరిది మళ్ళీ గోల్‌లోనే. వాడికి కాలక్షేపం దొరికింది.

జూన్ 19, బుధవారం

మా బావమరిది షాపుకొచ్చాడు. ఉత్సవం రోజు వేదిక మీదకి ఒక చొక్కా కావాలట. నిలబెట్టి టేపు పెట్టాను. ఛాతీ. భుజం. చెయ్యి.

చెయ్యి మళ్ళీ కొలిచాను.

"ఏంటి బావా, గుచ్చుతున్నావు?"

"ఏం లేదురా," అన్నాను.

జూన్ 20

టేపు సాగిపోయి ఉంటుంది. పాత టేపు.

జూన్ 20, సాయంత్రం

కొత్త టేపు కొన్నాను. అదీ అంతే చెప్పింది.

జూన్ 21, శుక్రవారం

నవ్విన నాపచేనే పండుతుందంటారు. బాగానే పండింది.

మా ఆవిడ డ్యూటీ నుంచి రాగానే, చెప్పులు విడవకముందే అడిగాను. "గోల్‌కీపర్ జెర్సీ కొలత ఎవరిది?"

ఆవిడ చెప్పులు విడిచి గోడ వారగా సర్దింది. దర్జీవాణ్ణి కొలతలతో మోసం చెయ్యబోయింది! కసాయివాడికి రబ్బరు మాంసం అమ్మినట్టు. ఆ తెలివితక్కువతనానికే నాకు ఎక్కువ కోపం వచ్చింది.

"తమ్ముడిది," అంది.

"చరిత్ర?"

"చరిత్ర కూడా కావాలిగా మరి."

"నేనేం చేశానని?"

"ఏం చెయ్యలేదండీ. మీకు బంతి కనిపించట్లేదు. అంతే. రోజూ షాపు తీసేముందు ఆ సూదులన్నిటికీ దారాలు ఎక్కించి పెడుతున్నది ఎవరనుకున్నారు? కళ్ళజోడు మాటెత్తితే రెండు రోజులు అన్నం మానేశారు. ఆ మాట మీతో అనడానికి కోచ్‌కి నోరు రాలేదు, తమ్ముడికి రాలేదు, నాకూ రాలేదు."

సూదుల సంగతి నాకు తెలియదు. కొన్ని సూదులకి దారం ముందే ఉండటం చూసి, రాత్రి నేనే ఎక్కించి మర్చిపోయానని అనుకునేవాణ్ణి.

"వాడు గోల్ కాస్తే నేనిక గ్రౌండుకి రాను," అన్నాను. చాలా గంభీరంగా అన్నాను. ఆవిడ లోపలికి వెళ్ళి ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది గానీ పంతం మీద ఉన్నాను.

జూన్ 22

మాటల్లేవు.

జూన్ 23

రొట్టె మానేశాను. దీవిలో ఉన్నది ఒక్క బేకరీ, అందులో రొట్టె చేసేది వాడు. వాడి చేతి రొట్టె నాకొద్దు.

జూన్ 24

సగం బన్ను తిన్నాను. ఎవరూ చూడలేదు.

జూన్ 25, మంగళవారం

గోల్‌లో నిలబడితే నేనెవరో నాకు తెలుస్తుంది. అది రాసుకోవడానికి సిగ్గెందుకు? వారమంతా వంగి కూర్చుని పరాయివాళ్ళ బట్టలు కుడతాను. ఒక్క ఆదివారం మాత్రం నిటారుగా నిలబడతాను, నా వెనక వల, ముందు గ్రౌండంతా. పదిమందీ వెనక్కి తిరిగి నా వైపే చూస్తారు. దర్జీ వైపు ఎవరు చూస్తారు, చొక్కా బిగుతయితే తప్ప?

యాభయ్యో ఏటి మ్యాచ్ నేనే ఆడాలి. ఇదొక్కటీ ఆడితే చాలు. తర్వాత వాళ్ళ ఇష్టం.

(తర్వాత కూడా నేనే ఆడాలి.)

జూన్ 27, గురువారం

చేసేశాను. గోల్‌కీపర్ జెర్సీని నా కొలతకి కుట్టేశాను. మా బావమరిది అందులో దూరాలంటే రెండుసార్లు పుట్టాలి. ఇంకో జెర్సీ కుట్టే టైము లేదు, గుడ్డా లేదు. ఎవరికి పడితే వాడే గోల్‌కీపర్.

గుడ్డ మాత్రం కత్తిరించలేదు. మిగిలింది లోపలికి మడిచి కుట్టాను. ఎంత కోపమొచ్చినా గుడ్డ పాడుచెయ్యడం నా చేత కాదు.

జూన్ 29, శనివారం

వాడు పొద్దున్నే జెర్సీ కోసం వచ్చాడు. నేను చాలా శ్రద్ధగా ఒక బొత్తాం కుడుతున్నాను. వాడు తెర వెనక్కి వెళ్ళాడు. లోపల పెనుగులాట వినిపించింది, తర్వాత ఏ చప్పుడూ లేదు. బయటికొచ్చేసరికి జెర్సీ చక్కగా మడతపెట్టి చేతిలో పట్టుకుని ఉన్నాడు. వాడి జుట్టు మాత్రం చెదిరిపోయి ఉంది.

"బావా, పొద్దున పిండి పిసుకుతుంటే వేలు బెణికింది. రేపు నువ్వే నిలబడాలి," అన్నాడు.

జెర్సీ పట్టలేదని ఒక్క మాట అనలేదు. కోపమన్నా చూపించలేదు. చూపిస్తే నాకు సుఖంగా ఉండేది.

"ఏ వేలు?"

వాడు రెండు చేతులూ చూసుకుని ఒకదాన్ని ఎంచుకున్నాడు.

నేను కాదనొచ్చు. కాదనలేదు. "సరే, జాగ్రత్తగా ఉండు, వేడినీళ్ళ కాపడం పెట్టు," అన్నాను. వాడు వెళ్ళాక జెర్సీ వేసుకుని అద్దంలో చూసుకున్నాను. సరిగ్గా పట్టింది. ఎందుకు పట్టదు?

జూన్ 30, ఆదివారం

ఓడిపోయాం. ముందే రాసేస్తే మనసుకి తేలిక.

ఊరంతా వచ్చింది. లాంచీ మూడుసార్లు తిరిగింది. కోచ్ నన్ను ఆ జెర్సీలో చూసి ఏదో అనబోయాడు. మా బావమరిది గుడ్డ చుట్టిన వేలు పైకెత్తి చూపించాడు. కోచ్ నోరు మూసుకున్నాడు. మా ఆవిడ నా వైపు చూసి, వేలు వైపు చూసి, తల తిప్పుకుంది. తమ్ముడి వేలు ఎంత బెణికిందో ఆవిడకి తెలియకుండా ఉంటుందా?

వెళ్ళి నిలబడ్డాను. వెనక వల, ముందు గ్రౌండంతా. ఏమన్నా అనండి, ఆ కాసేపు నేను దీవిలోకెల్లా ఆనందంగా ఉన్న మనిషిని.

ఆట మొదలైన కాసేపటికే అవతలివాడొకడు మధ్యగీత దగ్గర్నుంచి తన్నాడు. అంత దూరం నుంచి ఎవడూ గోల్ కోసం తన్నడు. వాడు తనవాళ్ళకి అందించబోయి ఉంటాడు. బంతి వాడి కాలి దగ్గర కనిపించింది. తర్వాత నా వెనక వల్లో కనిపించింది. మధ్యలో ఎక్కడుందో నాకు తెలియదు.

తర్వాత మొదలైంది.

"గాలి! గాలికి తిరిగింది!" అని కోచ్ అరిచాడు.

"ఆ గాలికి ఎవడు పడతాడు బంతిని!" అని మైకులోంచి వచ్చింది.

"నీ తప్పేం లేదు! గాలి!" అని ఇటుపక్కా అటుపక్కా, ముసలీ ముతకా. గోడ అవతల నుంచి, ఏమీ కనిపించని పడవ తాత కూడా, "గాలే!" అని కేకపెట్టాడు. ఊరంతా ఒక్క గొంతుతో అబద్ధమాడుతోంది. మా ఆవిడ అందరికన్నా గట్టిగా అరుస్తోంది.

గోల్ పక్కన జెండా మాస్టారు నిలబడి ఉన్నాడు. ఆయన చేతిలో జెండా తడిగుడ్డలా వేలాడుతోంది.

ఆరు గోల్స్ పడ్డ రోజు కూడా వీళ్ళు ఇలాగే అరిచారు. ఎండ అని. ఆ రోజు నేను నమ్మాను. ఇవాళ కూడా నమ్ముదామని చాలా గట్టిగా ప్రయత్నించాను. రెండోది పడితే వీళ్ళు ఇంకో అబద్ధం వెతుక్కోవాలి, మూడోదానికి మరొకటి. నా మూలంగా ఊరంతటికీ ఇంత శ్రమ ఎందుకు అనిపించింది. ఇరవై ఏళ్ళు వాళ్ళ గోల్ కాశాను. వాళ్ళు నన్ను కాస్తున్నారు.

బంతి మధ్యకి వెళ్ళేలోపు నేను గీత దాటి కోచ్ దగ్గరికి నడిచాను.

"చరిత్ర ఇంకా పూర్తి కాలేదు. ఇదీ అదీ రెండూ కుదరట్లేదు నాకు. వాణ్ణి దింపు," అన్నాను.

కోచ్ కళ్ళు నీళ్ళు పెట్టుకున్నాడు. "నీ ఇష్టం. చరిత్ర మాత్రం నువ్వు తప్ప ఎవరూ..."

"తెలుసు," అన్నాను.

మా బావమరిది లేచి నిలబడ్డాడు గానీ కదల్లేదు. "నా వేలు, బావా..."

"ఏ వేలు?" అన్నాను.

వాడు మళ్ళీ రెండు చేతులూ చూసుకున్నాడు. నేను జెర్సీ విప్పి, జేబులోని బ్లేడుతో పక్క కుట్లు రెండూ విప్పేశాను, చేతుల దగ్గరివీ. మడతలన్నీ తెరుచుకున్నాయి. బ్లేడు కుట్టు మీద పడ్డప్పుడు అవతలి జట్టువాళ్ళూ రిఫరీ కూడా దగ్గరికొచ్చి చూశారు. పక్కలకి పిన్నీసులు పెట్టి వాడికి తొడిగాను. కాస్త వదులైంది.

"ఇప్పుడందరూ అలాగే వేసుకుంటున్నారు," అన్నాను, మా ఆవిడకి వినబడేలా. ఆవిడ నవ్వుతూనే ఏడ్చింది.

చేతి తొడుగులు ఇచ్చేటప్పుడు మాత్రం నా వేళ్ళు వెంటనే వదల్లేదు. వాడు లాగలేదు. నేను వదిలేదాకా ఆగాడు.

వెళ్ళి బల్ల మీద కూర్చున్నాను. గడ్డి బాధ్యతాయన పక్కకి జరిగి చోటిచ్చాడు. "ఇంత ఆలస్యం చేశావేంటయ్యా?" అన్నాడు నెమ్మదిగా.

"మీకు తెలుసా? అంటే... మీ గడ్డి సంగతి?"

"అందరికీ తెలుసు. తాతకి తెలుసు, మాస్టారికి తెలుసు. వాళ్ళు అంత ముద్దుగా బతిమాలితే కాదని ఎలా అంటాం?"

ఈ అమాయకుల్ని తలుచుకుని నేను నెలరోజులు నవ్వాను.

మా బావమరిది బాగా ఆడాడు. రాయక తప్పదు కాబట్టి రాస్తున్నాను. నేను ఎప్పుడూ పట్టలేని రెండు బంతులు పట్టాడు. ఆట ఆఖర్లో మాత్రం అవతలి కుర్రాడొకడు ఊరికే కాలు తగిలించిన బంతి దొర్లుకుంటూ వచ్చి, వంగిన మా వాడి రెండు కాళ్ళ సందులోంచి దూరి, నింపాదిగా వల్లోకి వెళ్ళి కూర్చుంది. అలాంటి గోల్ నాకు జన్మలో పడలేదు. నా కడుపు ఎంత చల్లబడిందో ఇక్కడ తప్ప ఇంకెక్కడా రాయలేను.

వాడు బంతి తీసుకుని నిటారయ్యాడు. ముఖం నెత్తురు చుక్క లేకుండా తెల్లబోయింది. కోచ్ వైపు చూడలేదు, అక్క వైపు చూడలేదు. నేరుగా నా వైపు చూశాడు.

అప్పటికే నేను లేచి బల్లెక్కి ఉన్నాను.

"గాలి!" అని అరుస్తున్నాను. "గాలిరా! నీ తప్పేం లేదు! ఆ గాలికి ఎవడు పడతాడు!"

అందరికన్నా నా గొంతే పెద్దగా వినిపించింది. జెండా మాస్టారు తన జెండా వైపు ఒకసారి చూసుకుని, నా వైపు తిరిగి తలాడించాడు.

"గాలే," అన్నాడు.